డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో అరిగిన ఫ్యాను మార్చుకోవడం: సీమ ఎండకూ దుమ్ముకూ తగిన సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ వాడేవారిని మిగతా భాగాల కంటే ముందుగా ఇబ్బంది పెట్టేది ఫ్యాను. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాను చల్లని గాలిని పుట్టించదు. గదిలో ఉన్న గాలినే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని పీల్చుకునే లోహపు దిమ్మె) రెక్కల మధ్య నుంచి నడిపించి, వేడిని పెట్టె బయటికి తోలుతుంది. గదిలో 38 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ అంతకంటే చల్లబడే ప్రసక్తే లేదు కనుక, చల్లని ఊళ్ళలో నిదానంగా తిరిగే ఫ్యాను మన దగ్గర రోజంతా ఎక్కువ వేగంతో తిరుగుతుంది, ఆ మేరకు త్వరగా అరుగుతుంది. దీనికి దుమ్ము తోడవుతుంది. అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఆషాఢంలో మబ్బు పట్టినా ఎక్కువగా వచ్చేది గాలే. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని నమ్ముకునే. అదే గాలి ఎర్రమట్టి దుమ్మును కిటికీ సందుల్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి క్యాబినెట్‌లోకి చేరవేస్తుంది. కడప బండలు కోసే, పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర ఉండేవారికి రాతిపొడి, జిరాక్స్ కేంద్రాలవారికి కాగితపు నూగు దీనికి అదనం.

ఫ్యాను మార్చడానికి స్టార్ స్క్రూడ్రైవరు, రెండు గంటల తీరిక ఉంటే చాలు. అయితే స్క్రూలు విప్పి బిగించడం ఇందులో చిన్న భాగమే. ఏ ఫ్యాను పోయిందో సరిగ్గా గుర్తించడం, దానికి సరిపోయేదాన్నే కొనడం, గాలి ఎటు పోవాలో తెలుసుకుని బిగించడం అసలు పని. అందుకే ఈ వ్యాసంలో కొనడానికి ముందు చేయాల్సిన పరిశీలనకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పోయింది ఏ ఫ్యానో తేల్చుకోవడం

మామూలు డెస్క్‌టాప్‌లో ఫ్యాన్లు నాలుగు చోట్ల ఉంటాయి. క్యాబినెట్ వెనుక (కొన్నింటికి ముందు, పైన కూడా) ఉండే ఫ్యాను మొదటిది. ప్రాసెసర్ మీది హీట్‌సింక్‌కు బిగించి ఉండేది రెండోది. కరెంటు తీగ వచ్చి గుచ్చుకునే ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో ఉండేది మూడోది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని మీద ఉండేది నాలుగోది. చప్పుడు వినగానే వెనక ఫ్యానుదే అనుకుని కొత్తది కొనుక్కొచ్చేవారు చాలామంది. ఇనుప రేకు పెట్టెలో ఏ మూల పుట్టిన శబ్దమైనా పెట్టె మొత్తం మోగుతుంది కనుక చెవిని అంత తేలిగ్గా నమ్మకూడదు.

దీనికి సులువైన ఉపాయం ఉంది. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొసను చెవికి ఆనించుకుని, క్యాబినెట్ పక్క మూత తీసి, కంప్యూటర్ నడుస్తుండగా రెండో కొసను ఒక్కో ఫ్యాను దగ్గరికి జానెడు దూరంలో పట్టండి. మిగతా చప్పుడు తగ్గి, ఆ ఒక్క ఫ్యాను శబ్దమే స్పష్టంగా వినబడుతుంది. ఈ పని చేసేటప్పుడు వేళ్ళు గానీ, గొలుసు గానీ, చీర కొంగు గానీ, తువాలు కొస గానీ రెక్కల దగ్గరికి పోకుండా చూసుకోండి. ఒకే తీరుగా గరగరమనే మోత బేరింగు అరిగిందని చెబుతుంది. టకటకమని లయగా వచ్చే శబ్దానికి ఎక్కువసార్లు రెక్కలకు తగులుతున్న తీగ కారణమవుతుంది. ఆ తీగను పక్కకు కట్టేస్తే ఫ్యాను మార్చాల్సిన అవసరమే రాదు. ఉదయం ఆన్ చేసిన కొన్ని నిమిషాలు మాత్రమే మోగి తర్వాత సద్దుమణిగితే, బేరింగులో నూనె ఎండిపోతోందన్నమాట. అది తొలి హెచ్చరిక.

తర్వాత కంప్యూటర్ ఆపేసి, కరెంటు తీసేసి, అనుమానం ఉన్న ఫ్యాను రెక్కను వేలితో మెల్లగా తోయండి. మంచి ఫ్యాను కొన్ని చుట్లు తిరిగి నిదానంగా ఆగుతుంది. అరిగిన ఫ్యాను అర చుట్టుకే పట్టేసినట్టు ఆగిపోతుంది, లేదా తిరిగేటప్పుడు పక్కకు ఊగుతుంది. మధ్యనున్న గుండ్రటి భాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే కొద్దిపాటి కదలిక ఏ ఫ్యానుకైనా ఉంటుంది. రెక్కలు చట్రానికి తగిలేంత వదులుగా ఉంటే మాత్రం అది మార్చదగ్గదే.

అంకెలతో కూడా సరిచూసుకోవాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే చాలా మదర్‌బోర్డుల్లో (భాగాలన్నీ అమరి ఉండే పెద్ద పలక, ఇకమీదట బోర్డు అంటాను) బయోస్ తెర, అంటే విండోస్ మొదలయ్యే ముందు కంప్యూటర్ అమరికలు చూపే తెర వస్తుంది. అందులో హార్డ్‌వేర్ మానిటర్ అనే పేజీలో ఒక్కో ఫ్యాను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, ప్రాసెసర్ వేడి ఎంత ఉందో కనిపిస్తాయి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూ మానిటర్, లినక్స్‌లో ఎల్ఎం సెన్సర్స్ వంటి ప్రోగ్రాములు ఇవే అంకెలు చూపిస్తాయి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, చాలా ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లు 90 లేదా 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి పెరిగితే కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. మధ్యాహ్నం నత్తనడక నడిచే కంప్యూటర్ రాత్రి చల్లబడ్డాక బాగా పనిచేస్తుంటే, వైరస్ కోసం వెతికే ముందు ఫ్యానును చూడండి.

నూనె చుక్క వేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది కనుక కొంచెం వివరంగా చెప్పాలి. చవక ఫ్యాన్లలో ఉండేది స్లీవ్ బేరింగు, అంటే నూనె పీల్చుకున్న చిన్న లోహపు గొట్టంలో ఇరుసు తిరిగే ఏర్పాటు. వేడికి ఆ నూనె క్రమంగా ఎగిరిపోతుంది, మిగిలింది దుమ్ముతో కలిసి జిగురవుతుంది, ఇరుసు గొట్టాన్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. స్టిక్కర్ ఊడదీసి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే చప్పుడు ఆగే మాట నిజమే. కానీ ఒరుసుకుపోయిన లోహం తిరిగి రాదు. కొద్ది వారాల్లో మోత మళ్ళీ మొదలవుతుంది, ఒక్కోసారి మోత లేకుండానే ఫ్యాను నిలిచిపోతుంది. ఈ రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే చప్పుడు అనే హెచ్చరికను మనమే నూనె పోసి ఆపేశాం. కొబ్బరినూనె అసలే పనికిరాదు. అది చలికాలంలో గడ్డకడుతుంది, ఎండాకాలంలో దుమ్మును పట్టుకుని ముద్దవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు బేరింగులో మిగిలిన నూనెను కూడా కడిగేస్తాయి. కొత్త ఫ్యాను చేతికి వచ్చేదాకా రెండు మూడు రోజులు గడుపుకోవడానికి కుట్టుమిషను నూనె వాడుకోవచ్చు, అంతకు మించి దాని మీద ఆధారపడకూడదు.

కొలతలు, పిన్నులు, బేరింగు

క్యాబినెట్ ఫ్యాన్లు ముఖ్యంగా 80, 92, 120, 140 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి. ఇది చట్రం ఒక అంచు నుంచి ఎదుటి అంచు వరకు ఉన్న కొలత. చాలామంది స్క్రూ రంధ్రాల మధ్య దూరాన్ని కొలిచి, 105 మిల్లీమీటర్ల ఫ్యాను కావాలని దుకాణంలో అడుగుతారు. అలాంటి సైజు ఉండదు. రంధ్రాల మధ్య 105 ఉంటే అది 120 ఫ్యాను. అలాగే 71.5 ఉంటే 80, 82.5 ఉంటే 92, 124.5 ఉంటే 140 అని లెక్క. పాత ఫ్యాను చేతిలో లేకుండా ఖాళీ చోటులో కొత్తది పెట్టదలచినప్పుడు ఈ లెక్కే ఆధారం. మందం సాధారణంగా 25 మిల్లీమీటర్లు. సన్నటి క్యాబినెట్లలో 15 మిల్లీమీటర్లవి కూడా ఉంటాయి కనుక స్టీలు స్కేలుతో మందాన్ని కూడా కొలవండి.

తర్వాత చూడవలసింది తీగ చివరి ప్లగ్గు. మూడు రంధ్రాలుంటే ఒకటి నెగెటివ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాను వేగాన్ని బోర్డుకు తెలిపే తీగ. నాలుగు రంధ్రాలుంటే నాలుగో తీగ ద్వారా బోర్డే వేగాన్ని ఆజ్ఞాపిస్తుంది. దీన్ని పీడబ్ల్యూఎం ఫ్యాను అంటారు. మూడు పిన్నుల ఫ్యాను నాలుగు పిన్నుల చోట, నాలుగు పిన్నులది మూడు పిన్నుల చోట కూడా పడుతుంది, తిరుగుతుంది. వేగం అదుపు చేసే పద్ధతి మాత్రం మారుతుంది. వీటితో సంబంధం లేకుండా, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గుకు నేరుగా తగిలించే ఫ్యాన్లున్నాయి. అవి ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతాయి, వాటి వేగం బయోస్‌లో కనబడదు. బోర్డులో పిన్నులు ఖాళీగా ఉన్నంతవరకు మోలెక్స్ ఫ్యాను కొనవద్దని నా సలహా, ఎందుకంటే అది ఆగిపోయినా మనకు తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు మన ఊళ్ళలో బాగా అమ్ముడవుతున్నాయి. వాటిలో కొన్నింటికి ఐదు పిన్నుల ప్లగ్గులు గానీ, ఆ కంపెనీకే ప్రత్యేకమైన అమరికలో ఉండే పిన్నులు గానీ ఉంటాయి. మామూలు ఫ్యాను తగిలిస్తే పట్టదు, లేదా ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాను లేదంటూ తెర మీద సందేశం వస్తుంది. అలాంటి యంత్రమైతే పాత ఫ్యాను స్టిక్కర్ మీది మోడల్ సంఖ్యను ఫోనులో ఫోటో తీసుకుని, అదే సంఖ్య ఉన్నదాన్ని తెప్పించుకోండి.

బేరింగు విషయంలో నా అభిప్రాయం గట్టిది. సీమ వాతావరణంలో చవక స్లీవ్ బేరింగు ఫ్యాను కొనడం డబ్బు దండగ. బాల్ బేరింగు ఫ్యాను వేడిని బాగా తట్టుకుంటుంది, కొంచెం శబ్దం చేస్తుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు ఫ్యాను శబ్దం తక్కువ చేస్తూ ఎక్కువ కాలం నడుస్తుంది, ధర కొంత ఎక్కువ. క్యాబినెట్ పై కప్పుకు పడుకోబెట్టి బిగించే ఫ్యాను అయితే స్లీవ్ జోలికి అసలే పోవద్దు; ఆ భంగిమలో అది ఇంకా త్వరగా అరుగుతుంది. రంగుదీపాలు వెలిగే ఫ్యాన్ల ధరలో పెద్ద వాటా దీపాలదే. అదే డబ్బును మంచి బేరింగు మీద పెట్టండి. స్టిక్కర్ మీద 12 వోల్టులు అని ఉందో లేదో, ఆంపియర్లు ఎంతో చూడండి. బోర్డు మీది ఫ్యాను పిన్నులు సాధారణంగా ఒక ఆంపియరు వరకు ఇవ్వగలవు. మామూలు 120 ఫ్యాను 0.2, 0.3 ఆంపియర్లకు మించి తీసుకోదు.

విప్పే ముందు

స్టార్ స్క్రూడ్రైవరు, అంగుళం వెడల్పున్న మెత్తటి కొత్త పెయింటింగ్ బ్రష్షు, స్క్రూలు వేసుకోవడానికి చిన్న స్టీలు గిన్నె, తీగలు కట్టే ప్లాస్టిక్ ట్యాగులు, ముక్కుకు కట్టుకోవడానికి మాస్కు లేదా తువాలు సిద్ధం చేసుకోండి. ప్రాసెసర్ హీట్‌సింక్ కూడా తీయాల్సి ఉంటే థర్మల్ పేస్టు (ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేసే, వేడిని దాటించే ముద్ద), ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని పాత నూలు గుడ్డ కావాలి.

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ వెనకనున్న స్విచ్ ఆపి, కరెంటు తీగను పూర్తిగా పీకేయండి. ఎలాగూ కరెంటు పోయింది కదా అని తీగ పీకకుండా మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. యూపీఎస్ బ్యాటరీ మీద 230 వోల్టులు వస్తూనే ఉంటాయి, పోయిన కరెంటు ఏ క్షణంలోనైనా తిరిగి రావచ్చు. తీగ పీకాక పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టండి. బోర్డులో మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. మన పొడి గాలిలో ఒంటి మీద స్థిరవిద్యుత్తు తేలిగ్గా పుడుతుంది, కనుక లోపల చెయ్యి పెట్టే ముందు, పని మధ్యలో లేచి వచ్చిన ప్రతిసారీ, రంగు వేయని లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. ప్లాస్టిక్ చాప మీదా, పరుపు మీదా కాకుండా చెక్క బల్ల మీద పని చేయడం మేలు.

పాత ఫ్యాను తీయడం, శుభ్రం చేయడం

వెనకనున్న రెండు స్క్రూలు విప్పి, ముందు నుంచి చూస్తే ఎడమవైపు ఉండే మూతను వెనక్కి జరిపితే ఊడివస్తుంది. ఏమీ ముట్టుకోకముందే ఫోనుతో మూడు నాలుగు ఫోటోలు తీయండి: ఫ్యాను ఏ దిక్కుకు చూస్తోంది, తీగ ఎటు పోయి ఎక్కడ గుచ్చుకుంది, బోర్డు మీద ఆ పిన్నుల పక్కన ఏ పేరు అచ్చువేసి ఉంది. ప్రాసెసర్ ఫ్యానుకు సీపీయూ ఫ్యాన్ అనీ, మిగతావాటికి సిస్ ఫ్యాన్ లేదా ఛా ఫ్యాన్ అనీ ఆంగ్ల అక్షరాల్లో ఉంటుంది.

ప్లగ్గును పట్టుకుని నిటారుగా పైకి లాగండి, తీగలను పట్టి లాగకండి. తర్వాత క్యాబినెట్ బయటి వైపు నుంచి నాలుగు స్క్రూలు విప్పాలి. చివరి స్క్రూ విప్పేటప్పుడు రెండో చేత్తో ఫ్యానును లోపలి నుంచి పట్టుకోండి. లేకపోతే అది బోర్డు మీద పడి సన్నటి భాగాలను విరగ్గొట్టవచ్చు. ముందువైపు ఫ్యాను అయితే ప్లాస్టిక్ ముఖభాగాన్ని అడుగున పట్టి లాగితే క్లిప్పులు వదులుతాయి. పవర్ బటన్ తీగలు కొన్నింట్లో దానికే అతుక్కుని ఉంటాయి కనుక ఒక్క ఊపున లాగకూడదు.

శుభ్రం చేయడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ప్రాసెసర్ ఫ్యాను కింద, హీట్‌సింక్ రెక్కల పైన చూడండి. ఎర్రటి దుమ్ము, వెంట్రుకలు, బట్టల నూగు కలిసి మందపాటి కంబళి ముక్కలా పేరుకుని ఉంటుంది. గాలి ఆ పొరను దాటి పోలేదు కాబట్టి దాన్ని తీయకుండా ఎంత ఖరీదైన ఫ్యాను పెట్టినా వేడి తగ్గదు. పొరను వేళ్ళతో అంచు నుంచి లేపి తీయండి, మిగిలినదాన్ని బ్రష్షుతో దులపండి. ఈ పని ఆరుబయటో వరండాలోనో చేయండి.

క్యాబినెట్‌ను పంక్చరు షాపుకు మోసుకెళ్ళి కంప్రెసర్ గాలి కొట్టించడం మన ఊళ్ళలో బాగా అలవాటు. అది మంచిది కాదు. ఆ ట్యాంకులో ఊరిన నీరు, నూనె తుంపర గాలితో పాటే బోర్డు మీద పడతాయి. పైగా ఆ ఒత్తిడికి ఫ్యాన్లు తమ మామూలు వేగానికి ఎన్నో రెట్లు తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. ఊరికే తిరిగే ఫ్యాను చిన్న జనరేటరులా బోర్డులోకి విద్యుత్తును కూడా తోస్తుంది. చేతి బ్లోయర్ వాడినా సరే, గాలి కొట్టేముందు ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితో కదలకుండా పట్టుకోవాలి. ఇంటి వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం చివర స్థిరవిద్యుత్తు పుడుతుంది, దాన్ని బోర్డు దగ్గరికి తేవద్దు. తడిగుడ్డ క్యాబినెట్ బయటి రేకుకే పరిమితం.

గాలి దిశ తెలుసుకుని కొత్తది బిగించడం

ఫ్యానుకు రెండు ముఖాలుంటాయి. ఒకవైపు రెక్కలు అడ్డంకి లేకుండా కనిపిస్తాయి. గాలి ఆ వైపు నుంచి లోపలికి వస్తుంది. రెండోవైపు మోటారును పట్టుకునే మూడు నాలుగు కమ్మీలు, మధ్యలో స్టిక్కరు ఉంటాయి. గాలి ఆ వైపు నుంచి బయటికి పోతుంది. కొన్ని ఫ్యాన్ల చట్రం అంచున రెండు బాణపు గుర్తులు కూడా ఉంటాయి: ఒకటి రెక్కలు తిరిగే దిశ, రెండోది గాలి పోయే దిశ. వెనక ఫ్యాను వేడిగాలిని బయటికి తోలాలి, అంటే స్టిక్కరు ఉన్న కమ్మీల ముఖం క్యాబినెట్ బయటికి చూడాలి. ముందు ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగాలి, అంటే కమ్మీల ముఖం లోపలికి చూడాలి. పై కప్పు ఫ్యాను ఉంటే, వేడిగాలి పైకే పోతుంది కాబట్టి దాన్ని బయటికే తోలనివ్వండి. ఈ దిశ తారుమారైతే ఫ్యాను చక్కగా తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం పెరుగుతుంది. చాలామందికి కారణం అంతుబట్టదు.

దుమ్ము ఎక్కువున్న ఇళ్ళకు ఒక సూచన. బయటికి తోలే గాలి కంటే లోపలికి వచ్చే గాలి కొంచెం ఎక్కువ ఉండేలా చూసుకుని, లోపలికి వచ్చే ప్రతి చోటా సన్నటి జాలీ ఫిల్టరు పెట్టండి. అప్పుడు క్యాబినెట్‌లో ఉన్న ప్రతి చిన్న సందులోంచి గాలి బయటికే వస్తుంది తప్ప, వడకట్టని దుమ్ముగాలి లోపలికి రాదు. వెనక ఒక్క ఫ్యానే ఉండి ముందు ఏమీ లేకపోతే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది: అన్ని సందుల నుంచీ దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది.

ఫ్యాను స్క్రూలు లావుగా ఉంటాయి, కొత్త చట్రంలో అవే మర చేసుకుంటూ దిగుతాయి. మొదటిసారి కొంచెం బలంగా తిప్పాల్సి వస్తుంది, అందుకు కంగారుపడవద్దు. నాలుగింటినీ ముందు సగం వరకు ఎక్కించి, తర్వాత ఎదురెదురు మూలల వరసలో బిగించండి. ఒక మూలను పూర్తిగా బిగించి రెండోదానికి పోతే చట్రం మెలిపడి రెక్క అంచు ఒరుసుకుంటుంది. స్క్రూ ఆగాక ఇంకా తిప్పకండి, ప్లాస్టిక్ చీలుతుంది. ఫ్యానుతో రబ్బరు పిన్నులు వస్తే స్క్రూలకు బదులు అవే వాడండి. అదురు క్యాబినెట్ రేకుకు సోకదు. ప్లగ్గు మీది గాడి, బోర్డు పిన్నుల వెనకనున్న ప్లాస్టిక్ రేకు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా చూసి నెట్టండి. తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి, కనుక రంగును కాక గాడినే నమ్మండి. మిగిలిన తీగను మడిచి ట్యాగుతో క్యాబినెట్ కమ్మీకి కట్టేయండి.

ప్రాసెసర్ ఫ్యాను అయితే

హీట్‌సింక్, ఫ్యాను కలిసిన సెట్టును కూలరు అంటారు. పెద్ద టవర్ కూలర్లలో ఫ్యాను రెండు తీగ క్లిప్పులతోనో, నాలుగు స్క్రూలతోనో హీట్‌సింక్‌కు ఉంటుంది. ఆ ఫ్యాను ఒక్కటే తీసి కొత్తది పెట్టుకోవచ్చు, హీట్‌సింక్ కదలదు కనుక థర్మల్ పేస్టు అక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే గుండ్రటి కూలర్లలో మాత్రం ఫ్యానుకు విడిగా ప్రత్యామ్నాయం దొరకడం కష్టం, దొరికినా మిగిలే డబ్బు తక్కువ. అలాంటప్పుడు మొత్తం కూలరును మార్చడమే తెలివైన పని.

కూలరు కొనేటప్పుడు సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, దానికి సరిపోవాలి. ఇంటెల్ బోర్డుల్లో రంధ్రాల మధ్య దూరం పాత ఎల్‌జీఏ 775 రకం సాకెట్‌కు 72 మిల్లీమీటర్లు. ఎల్‌జీఏ 1155, 1150, 1151, 1200 లకు 75. ఎల్‌జీఏ 1700కు 78. ఇక్కడి ఇళ్ళలో, ఇంటర్నెట్ కేంద్రాల్లో ఇంకా విరివిగా నడుస్తున్న హెచ్61 బోర్డులు ఎల్‌జీఏ 1155 రకం. వాటికి 1200 సాకెట్ కూలరు కూడా సరిపోతుంది, 1700ది సరిపోదు.

పాత ఇంటెల్ కూలరు నాలుగు మూలలా ఉండే పిన్నుల తలను బాణం చూపిన వైపుకు పావు చుట్టు తిప్పి పైకి లాగితే వదులుతుంది. ఏఎండీ ఏఎం4 బోర్డు అయితే ఇంకా జాగ్రత్త కావాలి. ఎండిపోయిన పేస్టు వల్ల హీట్‌సింక్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడివచ్చి దాని సన్నటి పిన్నులు వంగిపోతాయి. అందుకని ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి పేస్టు వేడెక్కనిచ్చి, ఆపి, కరెంటు తీగ పీకి, క్లిప్పులు విప్పాక హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేసి, తర్వాతే పైకి ఎత్తండి.

పాత పేస్టును ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో, లోహం మెరిసేదాకా తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజరు వద్దు, అందులోని గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది. ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత కొత్త పేస్టు వేసి కూలరును నిటారుగా దించండి. ఒత్తిడికి అదే పరచుకుంటుంది, వేలితో పూయాల్సిన పనిలేదు. కొత్త కూలరుతో పేస్టు ముందే పూసి వస్తే మళ్ళీ వేయకండి. ఇంటెల్ పిన్నులను ఎదురెదురు మూలల వరసలో టక్‌మనేదాకా నొక్కి, బోర్డు వెనకవైపు నాలుగూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో టార్చి వేసి చూడండి. మూడు పిన్నులే దిగిన కూలరు చూడ్డానికి సరిగానే ఉంటుంది, ప్రాసెసర్ మాత్రం నిమిషాల్లో కాగిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు

చప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తుంటే ఆ పెట్టెను ఇంట్లో విప్పకండి. 230 వోల్టుల కరెంటు అందులో డీసీగా మారి, 300 వోల్టులకు పైగా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. తీగ పీకేసినా అది వెంటనే పోదు, ప్రాణాపాయం. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో ఫ్యాను తీగను లోపల టంకం వేసి ఉంచుతారు కూడా. వారంటీ ఉంటే కంపెనీకి పంపండి, లేకపోతే మొత్తం ఎస్‌ఎంపీఎస్‌నే మార్చండి. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు మోడల్‌ను బట్టి మారతాయి. వారంటీ గడువు ముగిసిందని తేల్చుకున్నాకే, ఆ కార్డు పేరుతో అమ్మే ఫ్యాను తెప్పించుకుని మార్చండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

లోపల స్క్రూగానీ పనిముట్టుగానీ మిగిలిపోలేదని చూసుకుని, పక్క మూత తెరిచే ఉంచి ఆన్ చేయండి. ప్రాసెసర్ ఫ్యాను వెంటనే తిరగాలి. తిరగకపోతే ఆపేసి ప్లగ్గు చూడండి. సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని తెర మీద వస్తే, ఎక్కువసార్లు ఆ ప్లగ్గు పొరపాటున సిస్ ఫ్యాన్ పిన్నుల్లో గుచ్చి ఉంటుంది. క్యాబినెట్ ఫ్యాన్లు కొన్ని బోర్డుల్లో వేడి పెరిగేదాకా ఆగి ఉండటం సహజమే.

బయోస్‌లో ఫ్యాను అదుపు పేజీకి వెళ్ళి, మూడు పిన్నుల ఫ్యాను అయితే డీసీ లేదా వోల్టేజ్ పద్ధతి, నాలుగు పిన్నులదైతే పీడబ్ల్యూఎం పద్ధతి ఎంచుకోండి. మూడు పిన్నుల ఫ్యానుకు పీడబ్ల్యూఎం పెడితే అది ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది, ఫ్యానే చెడ్డదని మనం అపోహపడతాం. ఎండాకాలంలో వేగం ఎక్కువ ఉండే అమరికనే ఉంచుకోవాలని నా సలహా.

మూత బిగించాక గాలి దిశను కూడా పరీక్షించండి. ఒక అగరుబత్తి వెలిగించి ముందువైపు జాలీకి అడుగు దూరంలో పట్టుకుంటే పొగ లోపలికి లాగుకుపోవాలి; వెనకవైపు పట్టుకుంటే దూరంగా తోసుకుపోవాలి. గదిలోని ఫ్యాను ఆపి చూస్తేనే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత అరగంట మామూలు పని చేసుకుని ఉష్ణోగ్రత చూడండి. గది 38 డిగ్రీలున్నప్పుడు ఖాళీగా ఉన్న ప్రాసెసర్ 45 నుంచి 55 మధ్య, బరువైన పనిలో 85 లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. కొత్త ఫ్యానుతో కూడా 90 దాటుతుంటే పేస్టునూ, పిన్నులనూ, గాలి దిశనూ ఇదే వరసలో మళ్ళీ చూడాలి.

కంప్యూటర్ ఉండే చోటు

కొత్త ఫ్యాను ఎన్నాళ్ళు మన్నుతుందనేది దీని మీద చాలావరకు ఆధారపడుతుంది. మన ఇళ్ళలో గోడలో కడప బండలు పరిచి కట్టిన అరలు ఉంటాయి. కొలత సరిపోయిందని చాలామంది క్యాబినెట్‌ను ఆ అరలో దూర్చేస్తారు. మూడువైపులా గోడ ఉండటంతో వెనక ఫ్యాను తోలిన వేడిగాలి తిరిగి ముందుకు వచ్చి మళ్ళీ లోపలికే పోతుంది. వెనక కనీసం ఆరు అంగుళాలు ఖాళీ ఉండే బల్ల మీద పెట్టండి. నేల మీద పెడితే ఊడ్చినప్పుడు లేచే దుమ్మంతా దానిదే. నీళ్ళ కూలరు గాలి నేరుగా తగిలేలా కూడా పెట్టకండి. ఆ తేమకు దుమ్ము తడిసి హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిపడిపోతుంది, తర్వాత బ్రష్షుకు లొంగదు.

జాలీ ఫిల్టర్లను మామూలు రోజుల్లో నెలకోసారి, జూన్ నుంచి ఆగస్టు వరకు గాలి తోలే రోజుల్లో పదిహేను రోజులకోసారి తీసి, కుళాయి కింద కడిగి, నీడన పూర్తిగా ఆరాక పెట్టండి. కొత్త ఫ్యాను సైజు, పిన్నులు, బేరింగు రకం, బిగించిన తేదీ ఒక కాగితపు టేపు మీద రాసి పక్క మూత లోపలివైపు అంటించండి. ఈసారి చప్పుడు వచ్చినప్పుడు ఆ టేపును ఫోటో తీసుకుని దుకాణానికి పోతే, మళ్ళీ స్కేలు పట్టుకుని కొలవాల్సిన పని ఉండదు.